చెయ్యి వదిలితేనే నడక



పిల్లవాడు తనంతట తానే అన్నం తింటానంటాడు. మెతుకులు నేల మీద పోస్తాడు. "ఉండు నాయనా, నేను పెడతాను" అని మనం ముద్ద కలిపి నోట్లో పెట్టేస్తాం. చెప్పులు తొడుక్కుంటానని కూర్చుని కుడికాలిది ఎడమకాలికి వేసుకుంటాడు. వేళ మించిపోతోందని మనమే లాగి తొడిగేస్తాం. "నువ్వుండు, నేను చేస్తా" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు మన నోట వస్తుందో ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నారా? నేను లెక్కపెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే సిగ్గుపడవలసి వచ్చేదేమో!

ఇవాళ ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను. మాది తుక్కుగూడ. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద, పహాడీషరీఫ్ దాటాక వస్తుంది. ఒకప్పుడు పొలాలు, బావులు ఉన్న పల్లె. 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చింది. ఆ తరువాత ఔటర్ రింగురోడ్డు వచ్చింది. పొలాలు ప్లాట్లయ్యాయి. ఇప్పుడు తెల్లవారితే మా వీధుల్లో పసుపుపచ్చ స్కూలు బస్సులు బారులు తీరుతాయి. మూడేళ్లు నిండీ నిండని పసివాళ్లు నిద్రకళ్లతో, వీపున సంచులతో ఎక్కుతారు.

ఆమధ్య ఒక పని మీద మా దగ్గరి అంగన్‌వాడీకి వెళ్లాను. అక్కడ నాలుగేళ్ల పిల్లవాడొకడు ఒక చాటలో చింతగింజలు, సీతాఫలం గింజలు కలిపి పోసుకుని, వేటికవి ఏరి రెండు గిన్నెల్లో వేస్తున్నాడు. నాలుక బయటపెట్టి, లోకం మరిచిపోయి ఏరుతున్నాడు. ఇంతలో వాడి నాయనమ్మ వచ్చింది. కాసేపు చూసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"పొద్దుగాల్నించి గీ గింజలేనా బిడ్డా? అఆలు ఎప్పుడు నేర్పుతవ్?" అని టీచరమ్మను అడిగింది.

"నేర్చుకుంటనే ఉన్నడవ్వా, జర సూడు" అంది ఆ అమ్మాయి.

"ఏం సూడాలె? ఎదురింటి పిల్లగాడు ఇంగ్లీషుల ఏబీసీడీలు జదువుతుండు. ఉన్నోళ్ల పిల్లలు సదువుకోవాలె, మా పిల్లలు గింజలు ఏరుకోవాల్నా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ముసలమ్మ అన్నది ఉత్త కోపం కాదు. తరతరాలుగా చదువుకు దూరమైనవాళ్ల భయం అది. పైగా నేను ఏ మొహంతో జవాబు చెప్పను? మా పెద్దవాడికి మూడో ఏడు నడుస్తుండగానే పలక ముందు కూర్చోబెట్టి, చెయ్యి గట్టిగా పట్టుకుని దిద్దించినదాన్ని నేను. వాడు ఏడుస్తుంటే వీపు మీద ఒకటి వేసినదాన్ని కూడా నేనే. వాడు పలక చూస్తే మంచం కిందికి దూరేవాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

అందుకని ఈ గింజలు ఏరే చదువు ఎక్కడిది, ఎవరి కోసం పుట్టింది అని పుస్తకాలు వెతికి చదువుకున్నాను. తెలుసుకున్నది మీతో చెప్పుకుంటాను.

ముందు మన పాత బడుల సంగతి చూద్దాం. వీధిబడిలో పిల్లలు ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దేవారు. నిజాం ఏలుబడిలో సర్కారు చదువు ఉర్దూలో సాగుతుంటే, తెలుగు నేర్పే ఖాన్గీ బడులు మన తెలంగాణ ఊళ్లలో నడిచేవి. వేలితో ఇసుకలో దిద్దడం మంచి పద్ధతే. అక్షరం కంటికే కాదు, వేలికి కూడా అలవాటవుతుంది. కాని అందరూ ఒకే పాఠం, ఒకే వేళకు, ఒకే గొంతుతో వల్లించాలి. వెనకబడినవాడికి గుంజీళ్లు, తొడపాశాలు, మరీ మాట వినకపోతే కోదండం. ఎప్పుడు ఏది నేర్చుకోవాలో పిల్లవాడిని అడిగినవారు లేరు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో ఓనమాలు దిద్దించేటప్పుడు కూడా పిల్లవాడి వేలు మన చేతిలోనే ఉంటుంది గదా!

ఆ చెయ్యి వదిలి చూద్దామన్న ఆలోచన ఒక ఇటలీ దేశపు డాక్టరమ్మకు వచ్చింది. ఆమె మరియా మాంటిస్సోరి. 1870 ఆగస్టు 31న పుట్టింది. ఆడపిల్లలు వైద్యం చదవడమే వింతగా ఉన్న రోజుల్లో, 1896లో రోములో డాక్టరు పట్టా పుచ్చుకుంది. బుద్ధిమాంద్యం ఉన్నదని లోకం పక్కన పెట్టేసిన పిల్లలతో మొదట పనిచేసింది. చేతికి పని ఇస్తే వాళ్ల బుద్ధి కూడా కదులుతుందని కళ్లారా చూసింది.

తరువాత 1907 జనవరి 6న, రోము నగరంలో సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఒక గది తెరిచారు. అక్కడి ఇళ్లను ఒక కంపెనీ బాగుచేయించి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు కూలికి పోతే పసిపిల్లలు మెట్ల మీదా, గోడల మీదా పాడుచేస్తున్నారు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టేవాళ్లు కావలసి వచ్చారు. అంతే! గోడలు పాడవకుండా చూడడానికి మొదలైన గది అది. ఏభై మందికి పైగా పిల్లలు. వాళ్లను చూసుకోవడానికి మామూలు మనిషి ఒకామె. చూశారా, ఈ చదువు పుట్టింది శ్రీమంతుల ఇంట కాదు, కూలివాళ్ల వాడలో.

అక్కడ మాంటిస్సోరి చేసింది ముఖ్యంగా ఒకటే. ఊరికే కూర్చుని చూసింది. ఒక కొయ్యదిమ్మెకు వరసగా రంధ్రాలు, వాటిలో దిగే కొయ్యబిళ్లలు ఉండేవి. మూడేళ్ల పాప ఒకతె వాటిని తీసి, పెట్టి, మళ్లీ తీసి, అలా నలభైసార్లకు పైగా చేసిందట. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా, కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా తల తిప్పలేదు. చివరికి తనంతట తానే ఆపి, హాయిగా నిద్ర లేచినదానిలా నవ్వింది. పసివాళ్లకు ఒక చోట మనసు నిలవదని మనం అంటాం. నిలుస్తుంది. తనకు కావలసిన పని దొరికితే నిలుస్తుంది.

ఇంకొకనాడు టీచరు ముందురోజు బీరువా తాళం వెయ్యడం మరిచిపోయింది. ఆలస్యంగా వచ్చి చూసేసరికి పిల్లలు ఎవరికి కావలసినది వాళ్లు తీసుకుని పని చేసుకుంటున్నారు. దొంగతనమని ఆమె కోప్పడబోయింది. మాంటిస్సోరి మాత్రం, వీళ్లకు ఎంచుకోవడం తెలుసు అనుకుంది. ఆనాటి నుంచి తాళం బీరువా పోయి, పిల్లల చేతికందే పొట్టి అలమార్లు వచ్చాయి.

ఆ కొయ్యబిళ్లల్లో ఉన్న కిటుకు మన వంటింట్లో కూడా ఉంది. ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు డబ్బాల సెట్టు మీ ఇంట్లో ఉంటుంది గదా! పెద్ద మూత చిన్న డబ్బాకు పెడితే కూర్చోదు. "తప్పు" అని ఎవరూ చెప్పనక్కరలేదు, మూతే చెబుతుంది. పిల్లవాడు మన మొహం చూడడం మాని డబ్బాను చూస్తాడు. టీచరు నోటితో దిద్దే తప్పుకు పిల్లవాడు చిన్నబోతాడు. వస్తువు చూపించే తప్పుకు మళ్లీ ప్రయత్నిస్తాడు. ఈ పద్ధతికి ప్రాణం ఇక్కడుంది.

అక్షరాలను కూడా గరుకు కాగితంతో కత్తిరించి అట్టల మీద అతికించారు. పిల్లలు వాటి మీద వేలు నడుపుతూ శబ్దం పలికేవారు. ఒకరోజు డాబా మీద ఒక పిల్లవాడిని పొగగొట్టం బొమ్మ గియ్యమంటే, గీసి ఊరుకోక కింద దాని పేరు కూడా రాసేశాడు. ఎవరూ వాడికి రాయడం అనే పాఠం చెప్పలేదు. అది చూసి మిగతావాళ్లూ సుద్దముక్కలు పట్టారు. మన వీధిబడి ఇసుకకూ ఆ గరుకు కాగితానికీ చుట్టరికం కనిపించడం లేదూ? తేడా ఒక్కటే. అక్కడ ఎవరూ వేలు పట్టుకోలేదు.

ఇంత దూరపు సంగతి మన దేశానికి ఎలా వచ్చింది? మొదట పుస్తకంగా వచ్చింది. గుజరాతులో గిజూభాయి బధేకా అని ఒక వకీలు. 1913లో ఆయనకు కొడుకు పుట్టాడు. వాడిని ఎలా పెంచాలా అని వెతుకుతుండగా మాంటిస్సోరి రచనలు చేతికొచ్చాయి. వకాల్తా వదిలిపెట్టి, భావనగరులో దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో బాలమందిరం తెరిచారు. కథలు, ఆటలు, నాటకాలు, పాటలు అన్నీ చదువులో కలిపారు. పిల్లలంటే ఆయనకున్న ప్రాణానికి, అందరూ ఆయనను "మీసాల అమ్మ" అనేవారు. పసివాళ్ల మీద చెయ్యి ఎత్తకూడదని ఆ రోజుల్లోనే పోరాడిన మనిషి.

1931లో గాంధీగారు లండనులో మాంటిస్సోరిని కలిశారు. అక్కడి శిక్షణ సభలో మాట్లాడుతూ, ఈ చదువు కలవారి పిల్లలకే గాక నిరుపేదల పిల్లలకు కూడా అందాలని తన ఆశ చెప్పారు. మా తుక్కుగూడ అవ్వ అడిగిన ప్రశ్నే అది, మరో మాటలో.

మాంటిస్సోరి 1939 నవంబరులో మద్రాసులో దిగింది. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షులు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి అడయారుకు ఆహ్వానించారు. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలకు కూడా రాజధాని మద్రాసే. విచిత్రమేమంటే, ఆమె వస్తుందనగా అయిదు నెలల ముందు, ఆ జూనులోనే గిజూభాయి కన్నుమూశారు. ఎవరి పుస్తకం తన జీవితాన్ని మార్చిందో ఆమె తన దేశంలో అడుగుపెట్టడం ఆయన చూడలేకపోయారు.

అడయారులో తాటాకు పందిళ్ల కింద మొదటి శిక్షణకు సుమారు 300 మంది చేరారు. కొద్ది నెలలకే యుద్ధం అడ్డం వచ్చింది. 1940 జూనులో ఇటలీ యుద్ధంలో దిగేసరికి, ఇటలీవాళ్లు గనుక తల్లినీ, వెంట వచ్చిన కొడుకు మారియోనూ బ్రిటిషు సర్కారు శత్రువులుగా లెక్కగట్టింది. కొడుకును అహ్మదునగరులో నిర్బంధించారు. ఆమెను అడయారు దాటి పోవద్దన్నారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మారియో ఆమెకు పెళ్లికాకుండా పుట్టిన బిడ్డ. లోకానికి జడిసి పల్లెలో పెంపకానికిచ్చింది. అతడికి పదిహేనేళ్లు వచ్చాకగాని తల్లి దగ్గరికి చేరలేదు. చాలా ఏళ్లు మేనల్లుడనే చెప్పుకునేవారు. ఊళ్లో పిల్లల బాల్యం అంత శ్రద్ధగా చూసిన మనిషికి తన బిడ్డ బాల్యం చూసే రాత లేకపోయింది! ఆ సంవత్సరం ఆగస్టు 31న, ఆమె 70వ పుట్టినరోజు కానుకగా, వైస్రాయి కొడుకును విడిపించి పంపాడు. ఆ తల్లి ప్రాణం ఎలా కుదుటపడి ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

యుద్ధం వల్ల ఆమె మన దేశంలో ఉండిపోయింది. మద్రాసు, కొడైకెనాలు, అహమ్మదాబాదు వంటి చోట్ల వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు. 1946లో వెళ్లి, 1947లో మళ్లీ వచ్చి, 1949లో చివరిసారిగా సెలవు తీసుకుంది. 1952లో కన్నుమూసింది.

ఇక్కడి నుంచి ఈ కథ రెండు దారులు పట్టింది.

ఒక దారి పట్టణాలది. పాలిష్ చేసిన కొయ్య సామాను, తర్ఫీదైన టీచర్లు, దానికి తగ్గ ఫీజులు. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు గనుక, పిల్లల చేత పొద్దస్తమానం కాపీ రాయించే చోట కూడా "మాంటిస్సోరి" అని బోర్డు కనిపిస్తుంది. అన్నీ అలాంటివేనని అనను. మన తెలుగుదేశంలో చూస్తే, 1955లో విజయవాడలో ఆ పేరుతో వి. కోటేశ్వరమ్మగారు పిల్లల బడి పెట్టారు. అది పెరిగి పెరిగి ఆడపిల్లల కాలేజీ దాకా వచ్చింది. ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక స్త్రీ తలుచుకుంటే ఎంత చెయ్యగలదో చెప్పడానికి ఆమె పేరు చాలు.

రెండో దారి పల్లెలది. గిజూభాయి దగ్గర 1923లో చేరిన తారాబాయి మోదక్, తరువాత 1945లో మహారాష్ట్ర సముద్రతీరాన బోర్డీ అనే ఊళ్లో పేద పిల్లల కోసం బడి పెట్టారు. ఆమెకు తోడుగా అనూతాయి వాఘ్ వచ్చారు. పసితనంలోనే పెళ్లై, పసితనంలోనే భర్తను పోగొట్టుకుని, పట్టుబట్టి చదువుకున్న మనిషి ఆమె. ఇద్దరికీ మొదట్లోనే చిక్కొచ్చింది. గిరిజనుల పిల్లలు బడికి రారు. చంకలో తమ్ముడో చెల్లెలో, చేతిలో మేకల తాడో! పిల్లలు రాకపోతే మనమే పోదామని, వాళ్ల వాకిట్లోకే బడిని తీసుకుపోయారు. అంగణమంటే వాకిలి. వాకిట్లో పెట్టిన పిల్లల తోట అంగన్‌వాడీ. మేకలు కాసే పిల్లల కోసం పచ్చికబయలులోనే బడి నడిపారు. ఖరీదైన కొయ్యబిళ్లల చోట ఆకులు, గవ్వలు, గులకరాళ్లు, గింజలు వాడారు.

గింజలు! ఇది చదివేసరికి మా అంగన్‌వాడీ చాట కళ్లముందు మెదిలింది.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని 33 చోట్ల మొదలుపెట్టినప్పుడు, ఆ కేంద్రాలకు ఆ పేరే వచ్చింది. తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు కూడా ఆ పథకంలో భాగం. మనం మాత్రం అంగన్‌వాడీ అంటే గుడ్లు, బాలామృతం ఇచ్చే చోటు అని అక్కడితో ఆపేశాం.

బడి ఈడు వచ్చిన పిల్లల కోసం అప్పటి చిత్తూరు జిల్లాలోనూ ఒక మంచి పని జరిగింది. మదనపల్లెకు దగ్గరలో జిడ్డు కృష్ణమూర్తిగారి రిషివ్యాలీ విద్యాలయం ఉంది. 1980ల చివరలో అక్కడ పద్మనాభరావు, రమ అనే దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరుతో నడిచే చిన్న బడులు పెట్టారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులు చేశారు. గోడ మీద నిచ్చెనలా ఒక పటం. కార్డు మీది గుర్తు చూసుకుని పిల్లవాడే తన కార్డు తీసుకుంటాడు. కొన్ని ఒంటరిగా, కొన్ని తోటివాళ్లతో, కొన్ని టీచరు దగ్గర కూర్చుని చేస్తాడు. వేరుశనగ పీకే రోజుల్లో పదిరోజులు చేనికి పోయి వచ్చినా, ఎక్కడ ఆపాడో అదే మెట్టు నుంచి ఎక్కుతాడు. తరగతి తనను వదిలిపోయిందన్న బాధ లేదు. తరువాత కర్ణాటకలో "నలి కలి" అనీ, తమిళనాడులో మరో పేరుతోనూ, వేలాది సర్కారు బడులు ఈ దారి పట్టాయి.

2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాదిగా లెక్కగట్టి, ఆ ఈడులో ఆటతోనే చదువు సాగాలంది. సాన్ లొరెంజో గదికీ దీనికీ మధ్య 113 ఏళ్లు గడిచాయి!

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వద్దాం. అవ్వా, ఉన్నోళ్ల పిల్లలు కూడా గింజలే ఏరుతున్నారు. కాకపోతే వాటికి రంగువేసి, ట్రేలో పెట్టి, వేలకు వేలు ఫీజు కట్టి ఏరుతున్నారు. నీ మనవడు ఏరుతున్నది తక్కువ చదువు కాదు. నీ మనవడి వంటి పిల్లల కోసమే పుట్టిన చదువు అది. రెండు వేళ్లతో గింజ పట్టిన చెయ్యి రేపు బలపం పట్టడానికి సిద్ధమవుతుంది. ఇది వేరు, అది వేరు అని గుర్తుపట్టిన కన్ను రేపు 'ప'కూ 'ష'కూ తేడా గుర్తుపడుతుంది.

అలాగని పిల్లలను గాలికి వదిలెయ్యమని కాదు సుమండీ. ఇష్టం వచ్చినట్టు వదలడం వేరు, ఎంచుకోనివ్వడం వేరు. చాటలో ఏ గింజలు పొయ్యాలో, ఎప్పుడు వాటికి ఇంకో రకం కలపాలో టీచరే ఆలోచించాలి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో కనిపెట్టాలి. వంట లెక్కలు, తూకాలు, రిజిస్టర్లు, ఫోనులో నమోదులు అన్నీ ఆ ఒక్క మనిషి మీదే వేసి, కనిపెట్టి చూడు అంటే ఎలా చూస్తుంది? అవ్వ భయంలో ఇంత నిజం ఉంది. పేదల బడిలో చూసే కళ్లు తగ్గితే, అక్కడ గింజలు ఉత్త గింజలుగానే మిగిలిపోతాయి. అంగన్‌వాడీని అడగవలసింది "ఏబీసీడీలు ఎప్పుడు?" అని కాదు. "మా పిల్లవాడు ఈ వారం కొత్తగా ఏం చేశాడు?" అని అడగాలి. నలుగురు తల్లులు వెళ్లి అలా అడిగితే ఆ చోటుకు విలువ పెరుగుతుంది.

ఇక మన ఇంట్లో మాటకొస్తే, కొనవలసిందేమీ లేదు. చిన్న చెంబు, రెండు గ్లాసులు ఇచ్చి నీళ్లు వంపనివ్వండి. ఒలికితే తుడవడానికి గుడ్డ కూడా చేతికివ్వండి. చిక్కుడుకాయల ఈనెలు తీయనివ్వండి. తన తువాలు తానే మడవనివ్వండి. పని ఒకసారి నెమ్మదిగా చేసి చూపించి, మీ చేతులు ఒళ్లో పెట్టుకోండి. సగంలో అందుకోకండి. పొయ్యి, కత్తి, వేడినీళ్ల దగ్గరికి మాత్రం రానివ్వొద్దు. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న గింజలు ఇవ్వొద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. రోజుకు పది నిమిషాలు ఆలస్యమవుతుందంతే.

కొన్నాళ్ల తరువాత మళ్లీ ఆ కేంద్రానికి వెళ్లాను. అవ్వ గడప మీద కూర్చుని ఉంది. పిల్లవాడు ఒక సీతాఫలం గింజను చింతగింజల్లో వేశాడు. అవ్వ చెయ్యి చాపబోయింది. "ఆగవ్వా" అని టీచరమ్మ మెల్లగా అంది. అవ్వ ఆగింది. వాడు గిన్నెలోకి కాసేపు చూసి, ఆ గింజను తీసి పక్క గిన్నెలో వేశాడు.

"వానికే ఎరుకైంది!" అంది అవ్వ నావైపు తిరిగి.

వచ్చే ఏడు బస్సెక్కిస్తావా అవ్వా అని అడిగాను. ఏమో బిడ్డా, కొడుకునడగాలె అంది. ఆ సంగతి ఇంకా తేలలేదు. కాని ఆ పూట మాత్రం, మనవడు చాట ఖాళీ అయ్యేదాకా ఏరి, గిన్నెలు అరలో సర్దేవరకూ, ఆమె గడప మీది నుంచి లేవలేదు.